గంట కొట్టేవారు, రికార్డు రాసేవారు, అన్నం వండేవారు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పాఠం చెప్పని ఉద్యోగులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. ఆఫీసు గదిలో ఒక జూనియర్ అసిస్టెంటు, కొన్నిచోట్ల ఆయనకు తోడు రికార్డు అసిస్టెంటు. గంట కొట్టడం దగ్గర్నుంచి టపా పట్టుకెళ్లడం దాకా చూసే అటెండరు. ప్రభుత్వ కాగితాల్లో ఈ ఉద్యోగాన్ని ఇప్పుడు ఆఫీస్ సబార్డినేట్ అంటున్నారు. రాత్రి కాపలాకు వాచ్‌మన్. ఇవి మంజూరైన పోస్టులు. జీతాల బిల్లులో పేరు లేనివాళ్లు ఇంకొందరున్నారు. మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లు, మరుగుదొడ్లు కడిగే ఆయా ఆ కోవలోకి వస్తారు. ప్రాథమిక పాఠశాలల్లో గుమాస్తా, అటెండరు ఉండరు. అక్కడ ఉపాధ్యాయులు కాక కనిపించేది వంటమనిషి, ఆయా మాత్రమే.

ఉపాధ్యాయులు వస్తుంటారు, పోతుంటారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకే బడిలో ఉపాధ్యాయులకు 8 ఏళ్లు, ప్రధానోపాధ్యాయులకు 5 ఏళ్లు నిండితే కౌన్సెలింగ్‌లో కదలాల్సిందే. వంట చేసే ఆవిడ, ఆయా ఆ ఊరివాళ్లు. అటెండరు చాలాచోట్ల ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో కాపురముండే మనిషి. ఒక ఇంటి నుంచి అక్క, ఆ తర్వాత తమ్ముడు, ఇరవై ఏళ్లకు వాళ్ల పిల్లలు బడికి రావడం చూసినవాళ్లు వీళ్లు. ఏ పిల్లవాడి నాన్న పని వెతుక్కుంటూ హైదరాబాద్ పోయాడో, ఏ పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోందో, ఎవరింట్లో పొద్దున పొయ్యి వెలగలేదో కొత్తగా వచ్చిన టీచరుకు వీళ్లు చెబితేనే తెలుస్తుంది. ఊరికీ బడికీ మధ్య ఉన్న నమ్మకంలో పెద్ద భాగం వీళ్ల మీద నిలబడి ఉంది. అందుకు తగ్గ గుర్తింపు, తగ్గ కూలి మాత్రం వీళ్లకు ఇంకా అందలేదు.

ముందు ఆఫీసు గది సంగతి. బీరువాలో ఉండే పుస్తకాలన్నిటిలోకీ విలువైనది అడ్మిషన్ రిజిస్టరు. పిల్లవాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ, మాతృభాష, కులం, చేరిన తరగతి, ఏ బడి నుంచి వచ్చాడు, ఎప్పుడు వెళ్లిపోయాడు అన్నవన్నీ అందులో ఒకే వరుసలో ఉంటాయి. మిగతా రిజిస్టర్లలో కొన్నిటిని కొన్నేళ్లకు తీసేయవచ్చు. దీన్ని మాత్రం బడి ఉన్నంతకాలం దాచాలి. టీసీ, స్టడీ సర్టిఫికెట్, పదో తరగతి మెమో అన్నీ ఈ వరుసలోంచే పుడతాయి. ఇక్కడ ఒక్క అక్షరం తప్పు పడితే ఆ తప్పు ఆ మనిషి వెంట ఉద్యోగం దాకా, పింఛను దాకా నడుస్తుంది.

పుట్టినతేదీ గడి ఒక్కటి చూస్తే చాలు, ఆ పని ఎంత బరువైందో అర్థమవుతుంది. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, కాన్పులు ఇంటి దగ్గరే జరిగిన రోజుల్లో పంచాయతీకి వెళ్లి నమోదు చేయించినవాళ్లు తక్కువ. పిల్లవాణ్ని బడిలో వేయడానికి వచ్చిన తండ్రి, దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది పుట్టాడనో, ఫలానా పండక్కి ముందు పుట్టాడనో చెప్పేవాడు. తేదీ తేలనప్పుడు బడి తెరిచే రోజులకు దగ్గరగా జూన్‌లోనో జూలైలోనో ఒక రోజు రాసేసేవారు. నడివయసు దాటిన తెలుగువాళ్లలో కాగితాల మీద ఆ రెండు నెలల్లో పుట్టినవాళ్లు అంతమంది ఉండటానికి కారణం అదే. ఇప్పుడు పరిస్థితి మారింది. 2023లో చట్టాన్ని సవరించాక, ఆ ఏడాది అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరేటప్పుడు జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి రుజువు. అలాగని కాగితం లేని పిల్లను వెనక్కి పంపడానికి లేదు. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ తెలిసిన గుమాస్తా ఉన్న బడిలో ఇటుక బట్టీల నుంచి వచ్చిన పిల్ల ఆ రోజే తరగతిలో కూర్చుంటుంది.

ఈ రిజిస్టరుకు ఇంకో రకమైన గిరాకీ ఉద్యోగ నోటిఫికేషన్ల కాలంలో వస్తుంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, ఉద్యోగాల్లో స్థానికులెవరన్నది ప్రధానంగా వాళ్లు ఎక్కడ చదివారన్న దాన్నిబట్టే తేలుతుంది. తెలంగాణకు 2018లో విడిగా ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదువు ఎక్కువ కాలం ఎక్కడ సాగిందో అక్కడ ఆ వ్యక్తి స్థానికుడు. కాబట్టి డీఎస్సీ వచ్చినా, గ్రూప్ పరీక్షలు వచ్చినా, కానిస్టేబుల్ పోస్టులు పడినా పాత విద్యార్థులు స్టడీ సర్టిఫికెట్ల కోసం తమ బడికి తిరిగి వస్తారు. ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లి అయిన మనిషి తాను ఏ సంవత్సరం నాలుగో తరగతి చదివిందో సరిగ్గా చెప్పలేదు. అప్పటి ఇంటిపేరు వేరు, ఇప్పటి ఇంటిపేరు వేరు. గుమాస్తా పాత రిజిస్టరు దించి, పొడిబారిన కాగితం చిరగకుండా ఒక్కో పేజీ తిప్పి, ఆమెతో పాటు చదివినవాళ్ల పేర్లు అడిగి ఆ వరుస పట్టుకోవాలి.

దయ అన్న మాటకు ఇక్కడ కొలత ఉంది. "రేపు రా" అనడం సులువు. దూరం నుంచి వచ్చిన కూలిమనిషికి ఆ రేపంటే ఒక రోజు కూలి, రానుపోను బస్సు చార్జీ. పని ఎంత ఉన్నా ఆ పూటే సర్టిఫికెట్ రాసిచ్చి, ప్రధానోపాధ్యాయుడు మీటింగుకు వెళ్లి ఉంటే ఆయన వచ్చేదాకా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, సంతకం చేయించి పంపే గుమాస్తాలు ఊరూరా ఉన్నారు. అదే పనికి చేతులు తడపమనేవాళ్లూ కొందరున్నారు. ఆ కొందరి వల్ల ఆఫీసు గదికి చెడ్డపేరు రావడం మిగతావాళ్లకు జరిగే అన్యాయం.

టీసీ విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం పిల్లవాడు బడి మారుతుంటే ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి ప్రవేశం ఆపకూడదు. వలస ప్రాంతాల్లో ఈ సెక్షన్ విలువ తెలుస్తుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం వైపు నుంచి కుటుంబాలు ఏటా గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తాయి. పిల్లలను వెంట తీసుకెళ్లక తప్పని ఇళ్లు ఉన్నాయి. తీసుకెళ్లకుండా ఆపేందుకు ఊళ్లోనే సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. వలస పోయి నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లవాడికి, తన పేరు హాజరు పట్టీలో ఇంకా ఉందని తెలిస్తే బడి మీద ఆశ నిలుస్తుంది. పేరు కొట్టేసి ఉంటే ఆ ఇంటి పెద్దలు మళ్లీ బడి గడప తొక్కడానికి మొహమాటపడతారు. హాజరు పట్టీ టీచరు చేతిలో ఉంటుంది గానీ, ఆ కుటుంబం ఎప్పుడు వస్తుందో కనుక్కుని చెప్పేది సాధారణంగా అటెండరో, వంట చేసే ఆవిడో.

పదో తరగతి వచ్చేసరికి ఆఫీసు గదిలో పని ఒక్కసారిగా పెరుగుతుంది. పరీక్ష ఫీజు, నామినల్ రోల్స్, ఏ భాష ఎన్నో పేపరు, మాధ్యమం, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మినహాయింపులు, వయసు తక్కువైన వాళ్లకు ప్రత్యేక అనుమతి. తెలుగు రాష్ట్రాల్లో ఎస్సెస్సీ రికార్డుకు గుర్తింపు చిహ్నాలుగా పుట్టుమచ్చలు కూడా రాయాలి. పదిహేనేళ్ల పిల్లలు సిగ్గుపడుతూ మోచేతి మీదా మెడ మీదా వెతుక్కుంటూ ఉంటే, ఓపిగ్గా అడిగి రాసుకునేది జూనియర్ అసిస్టెంటో, లెక్కల మాస్టారో. పేరులో ఇంగ్లిష్ అక్షరాలు ఆధార్‌లో ఒకలా, అడ్మిషన్ రిజిస్టరులో ఒకలా ఉంటే తల్లిదండ్రులను పిలిపించి సరిచూసుకోవాల్సిందీ అప్పుడే. మెమో అచ్చయ్యాక దిద్దించుకోవాలంటే విద్యాశాఖ ఆఫీసుల చుట్టూ తిరగాలి. పిల్లవాడి జీవితంలో ఆ తిరుగుడు లేకుండా చేసిన మనిషి పేరు పిల్లవాడికి తెలియదు. తప్పు జరగలేదు కాబట్టి తెలిసే అవకాశమే లేదు. ఈ ఉద్యోగంలో ఉన్న కష్టమంతా అక్కడే ఉంది. సరిగ్గా చేసిన పని ఎవరికీ కనబడదు.

ఉపాధ్యాయుల బతుకు కూడా ఆ గదిలోనే కాగితాల మీద ఉంటుంది. ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడే జీతాలు తీసి పంచే అధికారి. ఆయన తరఫున బిల్లు తయారుచేసేది జూనియర్ అసిస్టెంటు. సర్వీసు రిజిస్టర్లు, ఇంక్రిమెంట్లు, సెలవుల ఖాతా, పీఎఫ్ రుణాలు, వైద్యఖర్చుల బిల్లులు, చివరికి పింఛను కాగితాలు. ఒకప్పుడు బిల్లు చేత్తో రాసి ట్రెజరీకి మోసుకెళ్లేవారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నుంచి బిల్లులు సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారాయి. వయసు మళ్లిన గుమాస్తాలు కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేర్చుకున్నారు. నెల మొదట్లో టీచర్ల ఖాతాలో జీతం పడటం వెనక ఆ నేర్చుకోవడం ఉంది.

ఆ కుర్చీలో కూర్చున్న మనిషి అక్కడికి వచ్చిన దారి చాలాసార్లు దుఃఖంతో మొదలవుతుంది. సర్వీసులో ఉండగా చనిపోయిన ఉద్యోగి భార్యకో, కొడుక్కో, కూతురికో ఇచ్చే కారుణ్య నియామకాల్లో జూనియర్ అసిస్టెంటు, రికార్డు అసిస్టెంటు, అటెండరు పోస్టులే ఎక్కువ. భర్త పాఠం చెప్పిన జిల్లాలోనే అటెండరుగా చేరి, మొదటి నెలల్లో ఎవరితోనూ మాట్లాడకుండా ఫైళ్లు సర్దిన ఆడవాళ్లు ఉన్నారు. నిన్నటిదాకా మేడమ్ అని పిలిపించుకున్న ఇంటి నుంచి వచ్చి, నేడు స్టాఫ్ రూమ్‌లో టీ కప్పులు అందించాల్సి రావడం చిన్న విషయం కాదు. పేరు పెట్టి గౌరవంగా పిలిచే బడి దొరికితే వాళ్లు నిలదొక్కుకుంటారు.

చట్టం ఈ మనుషుల గురించి ఎంత ఆలోచించిందో విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూస్తే తెలుస్తుంది. ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లుండాలో అందులో ఉంది. తాగునీరు, మరుగుదొడ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలని ఉంది. ఆఫీసు, స్టోరు, ప్రధానోపాధ్యాయుడి గది కలిపి ఒక గది ఉండాలనీ ఉంది. ఆ గదిలో కూర్చుని రాసే మనిషి, ఆ మరుగుదొడ్డి కడిగే మనిషి, ఆ గేటు తీసే మనిషి ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. ఫలితం ప్రాథమిక పాఠశాలల్లో కళ్లకు కడుతుంది. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు పాఠం ఆపి యాప్‌లో భోజనం లెక్క ఎక్కిస్తారు. 2018-19 నుంచి బడుల లెక్కలు సేకరించే యూడైస్ ప్లస్ వివరాలు ఆన్‌లైన్‌లో నింపాలి. 2022-23 నుంచి బడి మొత్తానికి కలిపి కాకుండా ఒక్కో విద్యార్థి వివరాలు విడివిడిగా ఎక్కించాలి. జనగణన, ఎన్నికలు, విపత్తుల పనికి తప్ప టీచర్లను చదువేతర పనులకు వాడకూడదని అదే చట్టం 27వ సెక్షన్ అంటోంది. బడిలోపలి గుమాస్తా పని ఎవరు చేయాలో చెప్పకుండా వదిలేసిన తర్వాత ఆ సెక్షన్ టీచర్లకు మిగిల్చిన ఊరట కొంచెమే. ఉన్నత పాఠశాలల్లోనూ రిటైరైనవారి పోస్టులు ఏళ్లతరబడి ఖాళీగా ఉండి, ఉన్న ఒక్కరే రెండు మూడు పనులు చూసుకునే చోట్లు తక్కువేం లేవు.

అటెండరు రోజు అందరికంటే ముందు మొదలవుతుంది. గదుల తాళాలు తీయాలి, వరండా ఊడ్చినదీ లేనిదీ చూడాలి, ప్రార్థనకు మైకు పెట్టాలి. చాలా పల్లె బళ్లలో గంటంటే చెట్టుకో దూలానికో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాని మోత పొలాల్లోకి వినిపిస్తుంది. పంద్రాగస్టుకు జెండాలో పూలరేకులు పెట్టి, లాగగానే విడిపోయేలా ముడి వేయడం నేర్పున్న పని. ముడి బిగుసుకుంటే ఊరందరి ముందూ బడి పరువు పోతుంది కాబట్టి ముందురోజు సాయంత్రమే ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుంటారు. పదో తరగతి పరీక్షల్లో ప్రశ్నపత్రాలు పోలీస్ స్టేషన్‌లో భద్రపరిచి ఏ రోజువి ఆ రోజు తెచ్చుకుంటారు. ఆ రోజుల్లో పరీక్ష కేంద్రంలో బల్లలు వేయడం, నంబర్లు అతికించడం, నీళ్లు అందించడం, జవాబుపత్రాల కట్టలు కట్టి సీలు వేయడానికి సాయపడటం అన్నీ అటెండర్ల మీదే. పరీక్ష మొదటి రోజు కాళ్లు వణుకుతూ వచ్చిన పిల్లలకు గది చూపించి, భయపడకు తల్లీ అని లోపలికి పంపే మొదటి మనిషి కూడా చాలాసార్లు ఆయనే.

వంటగది విషయానికి వస్తే చెప్పాల్సింది ఎక్కువ. దేశంలో బడి పిల్లలకు ఆహారం పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది గానీ, చాలా రాష్ట్రాలు వండిన అన్నానికి బదులు బియ్యం పంచేవి. ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బళ్లలో పొయ్యిలు వెలిగాయి. వంట బాధ్యత ఎక్కువగా డ్వాక్రా సంఘాల మహిళలకు అప్పగించారు. ఊళ్లో అందరూ వంట ఏజెన్సీ అనేది వాళ్లనే. 2021 నుంచి కేంద్ర పథకం పేరు పీఎం పోషణ్. ఇందులో దేశవ్యాప్తంగా దాదాపు 25 లక్షల మంది వంట చేస్తున్నారు, వాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు.

లెక్క ఇలా ఉంటుంది. ప్రాథమిక తరగతుల పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకు 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాములు. పాతికమంది దాకా ఒక వంటమనిషి, వందమంది దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ ఒకరు అదనం. 120 మంది ప్రాథమికోన్నత తరగతుల పిల్లలున్న బడిలో ముగ్గురు ఆడవాళ్లు రోజూ 18 కిలోల బియ్యం కడిగి, అంత అన్నం వార్చి, దానికి తగ్గ పప్పో సాంబారో కాచి, గుడ్లు ఉడకబెట్టి ఒలిచి, వడ్డించి, గిన్నెలు తోమి ఇంటికి వెళ్లాలి. గ్యాస్ అందని చోట్ల కట్టెల పొయ్యి, వేసవిలో రేకుల షెడ్డు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మెనూ పెరిగి చిక్కీ, వారంలో అయిదు రోజులు గుడ్డు వచ్చాయి, 2023లో రాగిజావ తోడైంది. పిల్లలకు అది ఎంతో మేలు. పొయ్యి దగ్గర నిలబడినవాళ్లకు అదే చేతులతో ఇంకో గంట పని.

ఈ పనికి కేంద్ర ప్రభుత్వ లెక్కలో గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. అందులో 600 కేంద్రం, 400 రాష్ట్రం వాటా. అది కూడా ఏడాదికి పది నెలలే. 2009లో ఈ మొత్తం పెట్టారు, ఆ తర్వాత కేంద్రం దాన్ని పెంచలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో తన వాటా పెంచి 3,000 చేసింది, తర్వాత తెలంగాణలోనూ అంతే అయింది. 22 పనిరోజుల నెలలో అది రోజుకు 140 రూపాయలు కూడా కాదు. ఉపాధి హామీ పనికి 2024-25లో రెండు రాష్ట్రాల్లోనూ రోజుకూలి రేటు 300 రూపాయలు. దీనికి తోడు కూరగాయలు, నూనె, పోపు సామాను ముందు వాళ్లే కిరాణా కొట్టులో అరువు తెస్తారు. బిల్లులు నెలల తరబడి రాకపోతే కొట్టతను అడిగేది ప్రభుత్వాన్ని కాదు, ఆమెను. పుస్తెలు తాకట్టు పెట్టి కూడా పిల్లల భోజనం ఆపని ఆడవాళ్ల కథలు జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటాయి. దీన్ని సేవాగుణమని మెచ్చుకుని ఊరుకోవడం సరికాదు. అది ప్రభుత్వాలు తీర్చాల్సిన బాకీ.

వంట చేసే ఆవిడ మాటకు విలువ ఇవ్వకపోతే ఏమవుతుందో బిహార్‌లో తెలిసింది. 2013 జూలై 16న సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో పురుగుమందు కలిసింది. నూనెలో ఏదో తేడా ఉందని వంట చేసినామె చెప్పినా ప్రధానోపాధ్యాయురాలు పట్టించుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ ప్రధానోపాధ్యాయురాలికి 2016లో కోర్టు జైలుశిక్ష వేసింది. పిల్లలకు పెట్టేముందు టీచరు రుచి చూడాలన్న నిబంధనపై ఆ తర్వాత పట్టింపు పెరిగింది. అయితే రుచి చూసే టీచరు కంటే ముందు వాసన పసిగట్టేది పొయ్యి దగ్గర ఉన్న మనిషి. ఈ బియ్యం ముక్కిపోయింది, ఈ గుడ్లు వద్దు అని ఆమె అంటే విని, సరుకు వెనక్కి పంపే బడిలో పిల్లలు క్షేమంగా ఉంటారు.

అన్నం పెట్టిన చేతికి తెలుగునేల మీద పెద్ద గౌరవమే ఉంది. కోనసీమలో లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ వండిపెట్టి అన్నపూర్ణగా పేరుపొందారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆమె చేసిన పనినే నేటికీ చేస్తున్నవాళ్లు ఆ పథకంలోనే ఉన్నారు. రెండో ముద్దకు మొహమాటపడే పిల్లను గుర్తుపట్టి అడక్కుండానే వడ్డించడం, సోమవారం పూట ఎక్కువ తినే పిల్లలెవరో తెలిసి అన్నం కాస్త ఎక్కువ వండటం ఏ మార్గదర్శకాల్లోనూ ఉండవు.

ఆయా పని ఇంకా కనబడనిది. ఆడపిల్ల పెద్దమనిషయ్యాక బడి మానేయడానికి వాడదగ్గ మరుగుదొడ్డి లేకపోవడం ఒక పెద్ద కారణం. గది కట్టినంత మాత్రాన అది వాడుకకు రాదు, రోజూ కడిగే మనిషి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టి ఆయాలకు నెలకు 6,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ఏడాది అక్టోబరులోనే స్వేచ్ఛ పథకం కింద ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు పది శానిటరీ న్యాప్‌కిన్లు ఇచ్చే ఏర్పాటు జరిగింది. తెలంగాణలో 2024లో బడి శుభ్రతకు విద్యార్థుల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 దాకా నిధులు కేటాయించారు. తరగతి మధ్యలో హఠాత్తుగా ఇబ్బంది వచ్చిన పిల్ల మగ టీచరుకు చెప్పుకోలేదు. చూపుతోనే అర్థం చేసుకుని పక్కకు తీసుకెళ్లేది ఆయమ్మ. మండల కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఆయాలు చేసే పని ఇంకా ఓపికతో కూడింది. నడవలేని పిల్లను ఎత్తుకోవడం, తినిపించడం, బట్టలు మార్చడం అక్కడ రోజువారీ పని.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలయ్యాయి. బడి మానేసిన, ఇంట్లో ఆసరా లేని ఆడపిల్లలకు అవి ఇల్లు కూడా. అక్కడ వంటమనుషులు, ఏఎన్ఎం, అకౌంటెంటు, రాత్రి కాపలా ఉండే ఆడవాళ్లు పిల్లలతో పాటే ఉంటారు. జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద అర్ధరాత్రి తడిగుడ్డ వేసేది వాళ్లు. దాదాపు అందరూ కాంట్రాక్టు పద్ధతిలోనో, దినవేతనం మీదో పనిచేసేవాళ్లే. తెలంగాణలో ఈ విద్యాలయాలను నడిపే సమగ్ర శిక్ష పథకం ఉద్యోగులు 2024 డిసెంబరులో సమ్మెకు దిగినప్పుడు కస్తూర్బాల్లో పని కుంటుపడింది. వీళ్లు లేకపోతే ఏమవుతుందో ఊహించాల్సిన అవసరం లేకుండా అందరికీ కనిపించింది.

ఆఫీసు బల్ల వెనక కూర్చున్న మనిషి మంచితనం ఎంత దూరం వెళ్తుందో ప్రపంచమంతా చూసిన సంఘటన ఒకటుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం డెకటూర్ దగ్గర, రోనాల్డ్ ఇ. మెక్‌నేర్ డిస్కవరీ లెర్నింగ్ అకాడమీ అనే ప్రాథమిక పాఠశాల ఉంది. 2013 ఆగస్టు 20న రైఫిల్ పట్టుకున్న ఇరవై ఏళ్ల యువకుడు బడిలోకి చొరబడ్డాడు. లోపల 800 మందికి పైగా పిల్లలున్నారు. ముందు గదిలో ఉన్నది ఆంటోనెట్ టఫ్, బడి లెక్కలు రాసే ఉద్యోగిని. ఆమె అత్యవసర సేవలకు ఫోన్ చేసి, పోలీసులకూ అతనికీ మధ్య మాట మోస్తూ, అతన్ని బిడ్డలా పలకరించింది. తన కాపురం కూలిపోయిన సంగతి, తానూ చనిపోదామనుకున్న సంగతి చెప్పింది. బతుకు మళ్లీ గాడిన పడుతుందని ధైర్యం చెప్పింది. అతను తుపాకీ పక్కన పెట్టి లొంగిపోయాడు. ఒక్క బిడ్డకూ గీత పడలేదు. అధ్యక్షుడు ఒబామా ఆమెకు ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పారు. బడి ఆఫీసులో పనిచేసేవాళ్లు ఏడుస్తూ వచ్చిన తల్లితోనూ, కోపంతో వచ్చిన తండ్రితోనూ రోజూ మాట్లాడతారు. ఆ అలవాటే ఆ రోజు ఆమెకు అక్కరకొచ్చిందనుకోవడంలో అతిశయోక్తి లేదు.

ఉత్తమ ఉపాధ్యాయులకు జాతీయ అవార్డులు 1958 నుంచి ఉన్నాయి. సెప్టెంబరు 5న రాష్ట్ర, జిల్లా స్థాయుల్లోనూ సన్మానాలు జరుగుతాయి. బోధనేతర ఉద్యోగులకు జనవరి 26న, ఆగస్టు 15న కలెక్టరు చేతుల మీదుగా ఇచ్చే ప్రశంసాపత్రాల్లో అప్పుడప్పుడు చోటు దొరుకుతుంది. వంట చేసేవాళ్లు, ఆయాలు ఉద్యోగుల లెక్కలోకే రారు కాబట్టి ఆ జాబితాలోకీ రావడం అరుదు. పూర్వ విద్యార్థులు ఈ విషయంలో ప్రభుత్వం కంటే మెరుగ్గా ఉన్నారు. పదో తరగతి బ్యాచ్‌లు పాతికేళ్లకు కలుసుకున్నప్పుడు గురువులతో పాటు అటెండరును, గుమాస్తాను వెతికి పట్టుకొచ్చి శాలువా కప్పడం ఇప్పుడు చాలా ఊళ్లలో కనిపిస్తోంది. మంచి అలవాటు. రిటైరైనవాళ్లకు శాలువాతో పాటు మందుల ఖర్చుకు ఉపయోగపడేలా కొంత డబ్బు ముట్టజెబితే ఇంకా బాగుంటుంది. అవుట్‌సోర్సింగ్‌లో, గౌరవ వేతనం మీద పనిచేసినవాళ్లకు పింఛను ఉండదు.

బడిలో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ల కోసం ఊరు చేయగలిగింది కూడా ఉంది. ప్రధానోపాధ్యాయుడి గదిలో ఇంతవరకు పనిచేసిన ప్రధానోపాధ్యాయుల పేర్లు, కాలం రాసిన బోర్డు ఉంటుంది. దాని పక్కనే గుమాస్తాలు, అటెండర్లు, వంట చేసినవాళ్ల పేర్లతో ఇంకో బోర్డు పెట్టడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. బడి పనితీరు, నిధుల వాడకం చూసే అధికారం ఆ కమిటీకి ఉంది. వంటవాళ్లకు ఎన్ని నెలల బిల్లు రావాలో, ఆయాకు గౌరవ వేతనం ఎప్పుడు పడిందో, ఆఫీసులో ఏ పోస్టు ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో ప్రతి సమావేశంలో అడిగి మినిట్స్ పుస్తకంలో రాయించి, ఆ నకలు మండల విద్యాధికారికి పంపవచ్చు.